చెరువు అలుగు పారితే మంచిదే, మరి కట్ట ఎందుకు తెగుతుంది? నంద్యాల, ఆళ్లగడ్డ మట్టికట్టల గురించి తెలుసుకోవాల్సినవి

నాలుగు రోజులు గట్టిగా వానలు పడితే చాలు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు వాట్సాప్ గ్రూపుల్లో చెరువుల వీడియోలు మొదలవుతాయి. అలుగు మీద నుంచి నీళ్లు దూకుతుంటాయి. పిల్లలు అందులో ఆడుతుంటారు. ఊరి పెద్దలు గంగమ్మకు టెంకాయ కొట్టి హారతి ఇస్తుంటారు. మర్నాడు ఇంకో రకం మెసేజ్ వస్తుంది: 'ఫలానా చెరువు కట్టకు బుంగ పడిందట, కింది ఊళ్లవాళ్లు జాగ్రత్త.'

ఈ రెండింట్లో ఏది మామూలు, ఏది ప్రమాదం? చిన్న చెరువు కట్టను ఎవరు చూసుకోవాలి? పట్నంలో ఇల్లు కట్టుకున్నవారికి ఊరి చెరువుతో పనేముంటుంది?

క్లుప్తంగా చెప్పాలంటే, అలుగు పారడం చెరువు ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. నీరు అలుగు వదిలి కట్ట పైనుంచి గానీ, కట్ట లోపలి నుంచి గానీ దారి చేసుకున్నప్పుడు ముప్పు మొదలవుతుంది. ఆ పరిస్థితి రావడానికి చాలాసార్లు వాన ఒక్కటే కారణం కాదు. అలుగుకు, అలుగు కింది వాగుకు మనం చేసిన పనులు కూడా కారణమే.

ఈ ప్రాంతానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి కొత్త జిల్లాగా ఏర్పడిన నంద్యాలకు తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కొండలు ఉన్నాయి. వీటి మధ్య లోయలో ఉత్తరం నుంచి దక్షిణానికి కుందూ నది పారుతుంది. చివరికి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. నల్లమలలో కురిసిన వాన వాగులుగా మారి పడమటికి దిగుతుంది. నంద్యాల పట్టణాన్ని తాకే మద్దిలేరు, చామకాలువ, ఆళ్లగడ్డ వైపు వక్కిలేరు ఈ అల్లికలో భాగమే.

కొండ దగ్గర, వాలు ఎక్కువ. అందుకే నీరు వేగంగా దిగుతుంది. వాన ఆగిన కొన్ని గంటలకే వాగు ఎండిపోతుంది. ఈ నీటిని కొన్నాళ్లు ఆపి ఉంచాలంటే వాగుకు అడ్డంగా మట్టికట్ట వేయడం ఒక్కటే పాతకాలంలో ఉన్న మార్గం. అలా పుట్టినవే మన చెరువులు, కుంటలు.

ఆ తర్వాత కాలువలు వచ్చాయి. తుంగభద్రపై సుంకేసుల నుంచి బయలుదేరే కేసీ కాలువను 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. వెలుగోడు రిజర్వాయరు నుంచి సాగే తెలుగుగంగ కాలువ రుద్రవరం, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా కడప జిల్లాలోని బ్రహ్మంసాగర్‌కు వెళుతుంది. వెలుగోడు దాదాపు 17 టీఎంసీలు, గోరకల్లు 12 టీఎంసీలకు పైగా పట్టే పెద్ద జలాశయాలు. కాలువల కింద లేని ఊళ్లు మాత్రం ఇప్పటికీ చిన్న చెరువు మీద, దాని వల్ల ఊరే బోరు నీళ్ల మీద ఆధారపడుతున్నాయి.

2023లో విడుదలైన దేశపు తొలి జలవనరుల గణన ప్రకారం దేశంలో 24 లక్షలకు పైగా చెరువులు, కుంటలు, ఇతర నీటి వనరులు ఉన్నాయి. వాటిలో 1.90 లక్షలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనివే.

చెరువులో ఏయే భాగాలు ఉంటాయి?

కట్ట: వాగుకు అడ్డంగా వేసిన మట్టి గోడ. అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. నీటి వైపు అలల తాకిడికి మట్టి కొట్టుకుపోకుండా రాళ్లు పేరుస్తారు. బయటి వైపు గడ్డి పెంచుతారు.

తూము: పొలాలకు నీరు వదిలే దారి. కట్ట అడుగున రాతితో, సిమెంటు పైపుతో కట్టి లోపలి వైపు తలుపు పెడతారు.

అలుగు: చెరువు నిండాక మిగిలిన నీరు పోయే దారి. రాయలసీమలో మరవ అని కూడా అంటారు. రాతితో, కాంక్రీటుతో కట్టిన ఈ గోడ ఎత్తు కట్ట ఎత్తు కన్నా తక్కువ ఉంటుంది. చెరువులో నీరు ఎంతవరకు నిలవాలో తేల్చేది ఈ గోడే. ఆ మట్టాన్నే అధికారులు ఎఫ్‌టీఎల్ అంటారు.

అలుగు వాగు: అలుగు దూకిన నీరు కింది చెరువుకో, వాగుకో చేరే దారి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి, ఖాళీ జాగాలా కనిపిస్తుంది. చాలా కష్టాలు ఇక్కడే మొదలవుతాయి.

ఆయకట్టు: ఆ చెరువు కింద పారే పొలం. ఆయకట్టు 2,000 హెక్టార్లు, అంటే దాదాపు 5,000 ఎకరాలు దాటకపోతే దాన్ని చిన్నతరహా సాగునీటి వనరుగా లెక్కిస్తారు.

వీటన్నిటినీ చూసుకోవడానికి పూర్వం ఊరికో నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలి, వాన రాత్రి కట్ట మీద ఎక్కడ నడిచి చూడాలి అన్నది అతని పని. చాలా ఊళ్లలో ఇప్పుడు ఆ పని చేసేవారు లేరు.

మట్టి నీళ్లను ఎలా ఆపుతుంది?

ఏ మట్టికట్టయినా కొంత నీటిని పీల్చుకుంటుంది. బాగా కట్టిన కట్టలో ఆ నీరు చాలా నెమ్మదిగా కదులుతుంది. బయటి వైపు అడుగున ఇసుక, కంకర పొరల్లోంచి మట్టిని వెంట తీసుకుపోకుండా బయటపడుతుంది.

నంద్యాల ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. అది నీటిని బాగా అడ్డుకుంటుంది. కానీ తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. కట్ట మొత్తం రేగడితోనే వేస్తే ఎండాకాలంలో పగుళ్లు వస్తాయి, తొలి వానకు ఆ పగుళ్లలోకి నీరు దిగుతుంది. అందుకే ఇంజనీర్లు రేగడిని కట్ట నడుమ గుండెకాయలా పెట్టి, రెండు వైపులా మొరం వంటి గట్టి మట్టిని కప్పుతారు. పొరలు పొరలుగా వేసి, తడిపి, రోలరుతో తొక్కిస్తారు. ట్రాక్టరుతో మట్టి తెచ్చి గండిలో కుమ్మరించి వదిలేస్తే చూడటానికి కట్టలాగే ఉంటుంది. లోపల మాత్రం వదులుగా ఉండి, తర్వాతి వరదకు మళ్లీ అక్కడే తెగుతుంది.

650 ఏళ్ల కిందటి శాసనం ఏం చెబుతోంది?

ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల దాటితే సగిలేరు లోయ వస్తుంది. అక్కడి పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి సంస్కృత శాసనంలో ఆ వివరాలు ఉన్నాయి. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే చెరువు పూర్తయిందని శాసనం చెబుతోంది.

మంచి చెరువుకు 12 అంగాలు, చెడ్డ చెరువుకు 6 దోషాలు అని కూడా అందులో రాశారు. నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, దగ్గర్లో రాళ్ల గని, కింద సారవంతమైన భూమి, పనివాళ్లు వంటివి అంగాలు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడిమధ్యలో మెట్ట ఉండటం, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం తక్కువ కావడం దోషాలు. వీటితో పాటు రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటాన్నీ దోషంగానే లెక్కించారు.

ఈ ఆఖరి దోషం పాతకాలపు మాటలా వినిపించవచ్చు. 2024 జులై 18న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలంలోని పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడింది. కట్ట ఉన్నది తెలంగాణలో. ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో. వరద ముంచెత్తింది కూడా ఏలూరు జిల్లా వేలేరుపాడు మండలంలోని ఊళ్లను. ఒకే చెరువుకు ఇద్దరు యజమానులుంటే మరమ్మతు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. ఒకే రాష్ట్రంలో, ఒకే ఊరి చెరువు విషయంలోనూ రెండు మూడు శాఖల మధ్య ఈ ప్రశ్న వస్తుంది.

కట్ట ఎందుకు తెగుతుంది?

ప్రపంచమంతా మట్టి డ్యాములు తెగడానికి ప్రధాన కారణాలు రెండు. మూడోది మన జిల్లాలోనే కనిపించింది.

1. నీరు కట్ట పైనుంచి దూకడం

కాంక్రీటు డ్యాం మీదుగా నీరు పోయినా అది కొంతసేపు తట్టుకోగలదు. మట్టికట్ట తట్టుకోలేదు. పైనుంచి దూకిన నీరు ముందు బయటి వైపు పాదాన్ని తవ్వుతుంది. ఆ కోత పైకి పాకి కట్ట నడుమును కోస్తుంది. ఒకసారి దారి పడ్డాక గండి వెడల్పవుతూనే ఉంటుంది.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టులో జరిగింది ఇదే. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగడంతో ఆ నీరూ వచ్చి చేరింది. స్పిల్‌వే పంపగలిగేది సుమారు 2.2 లక్షల క్యూసెక్కులు. వచ్చిన వరద 3 లక్షలు దాటింది. ఐదు గేట్లలో ఒకటి పైకి లేవలేదు. మట్టికట్ట కొట్టుకుపోయింది. రాజంపేట ప్రాంతంలోని పులపుత్తూరు, మందపల్లి వంటి ఊళ్లలో ఇళ్లు, పశువులు, పొలాలు పోయాయి. 30 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

చిన్న చెరువుకు గేట్లు ఉండవు. అలుగే దాని స్పిల్‌వే. అలుగు పొడవు తగ్గితే ఏమవుతుందో ఒక లెక్క చూద్దాం. ఒక వరదకు అలుగు మీదుగా నీరు 1 మీటరు ఎత్తున పారుతోందనుకోండి. అలుగులో సగాన్ని మట్టి పోసి, గోడ కట్టి మూసేశారు. అదే వరద పోవాలంటే ఇప్పుడు నీరు దాదాపు 1.6 మీటర్ల ఎత్తు లేవాలి. కట్ట అలుగు కన్నా 1.5 మీటర్లే ఎత్తుంటే నీరు కట్ట దాటేస్తుంది. వాన పెరగలేదు, కట్ట తగ్గలేదు, అలుగు సగమైంది, అంతే.

ఇంకొన్ని నీళ్లు నిలుస్తాయని అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చడం కూడా ఇలాంటిదే. అడుగు ఎత్తు పెంచితే అడుగు నీరు పెరుగుతుంది, కట్టకు ఉన్న భద్రతలో అడుగు తగ్గుతుంది.

2. కట్ట లోపల బుంగ పడటం

తూము పక్కన, చెట్ల వేర్ల వెంట, ఎండ్రకాయలు, పందికొక్కులు చేసిన బొరియల్లో నీరు దారి వెతుక్కుంటుంది. ఆ నీరు మట్టి రేణువులను మోసుకుపోవడం మొదలుపెడితే బొరియ సొరంగంలా మారుతుంది. పైనుంచి చూస్తే కట్ట నిక్షేపంగానే ఉంటుంది. కాసేపటికి నడుమ కుంగిపోతుంది.

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 1976 జూన్ 5న టీటన్ డ్యాం ఇలాగే పోయింది. అది 90 మీటర్లకు పైగా ఎత్తున్న కొత్త మట్టి డ్యాం, మొదటిసారి నింపుతున్నారు. ఉదయం ఏడున్నర ప్రాంతంలో బురద నీరు కారడం గమనించారు. బుల్డోజర్లతో పూడ్చాలని చూశారు. మధ్యాహ్నం 12 గంటలకు ముందే డ్యాం తెగింది. 11 మంది చనిపోయారు. బురద నీరు కనిపించిన తర్వాత దొరికే సమయం కొన్ని గంటలే అని ఇంజనీర్లు ఇప్పటికీ చెప్పే ఉదాహరణ ఇది.

3. కట్ట కుంగడం, జారడం

మిడుతూరు మండలంలోని అలగనూరు రిజర్వాయరు దాదాపు 3 టీఎంసీల సామర్థ్యంతో కేసీ కాలువ ఆయకట్టుకు, చుట్టుపక్కల ఊళ్ల తాగునీటికి అండగా ఉండాలని కట్టింది. కట్ట కుంగిపోవడంతో ఏళ్ల తరబడి దాన్ని నింపలేకపోయారు. ప్రాణనష్టం లేకపోయినా, నీళ్లు నింపలేని జలాశయం ఉన్నా లేనట్టే.

చెరువులో నీటిని ఒక్కసారిగా దించినా కట్ట జారుతుంది. లోపల నానిన మట్టి బరువుగా ఉంటుంది, దానికి ఆసరాగా ఉన్న నీరు చటుక్కున పోతుంది. అందుకే ప్రమాదం అనుకుని తూములు, గండ్లు ఇష్టం వచ్చినట్టు తెరవకూడదు. కట్ట పాదం దగ్గర మట్టి తవ్వుకుపోవడం కూడా కట్ట కాళ్లు నరకడం లాంటిదే. పూడిక మట్టి తీయాల్సింది చెరువు మధ్యలో, కట్టకు దూరంగా.

చిన్న చెరువు తాగునీటికి ఎలా ఉపయోగపడుతుంది?

మూడు విధాలుగా. ఒకటి, చెరువు నిండితే చుట్టుపక్కల బావులు, బోర్లు ఊరతాయి. ఊరి రక్షిత మంచినీటి బోరు చెరువు కిందనో పక్కనో ఉండటానికి కారణం అదే. రెండు, కొన్ని చోట్ల చెరువు నీటినే శుద్ధి చేసి సరఫరా చేస్తారు. మూడు, వేసవి నిల్వ చెరువులు. వీటినే ఎస్ఎస్ ట్యాంకులు అంటారు. కాలువ పారే రోజుల్లో నింపుకుని, కాలువ కట్టేసిన వేసవిలో వాడుకునే మట్టికట్టల చెరువులివి. నీరు ఇసుక ఫిల్టర్ల గుండా వెళ్లి, క్లోరిన్ కలిశాక ఓవర్‌హెడ్ ట్యాంకుకు, అక్కడి నుంచి కుళాయికి చేరుతుంది.

ఒక చెరువు ఎంత నీటిని ఇస్తుందో అంచనా వేద్దాం. 100 ఎకరాల్లో, సగటున 2 మీటర్ల లోతున నీరు ఉంటే అది దాదాపు 81 కోట్ల లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. 2011 జనాభా లెక్కల్లో నంద్యాల పట్టణ జనాభా సుమారు 2 లక్షలు. ఆ లెక్కన ఈ నీరు అలాంటి పట్టణానికి 30 రోజులు వస్తుంది. మనిషికి రోజుకు 55 లీటర్లు అనే పల్లె ప్రమాణంతో 5,000 మంది ఉన్న ఊరికైతే ఎనిమిదేళ్లు రావాలి.

రాదు. ఎండాకాలంలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైనా ఆ చెరువు నుంచి 32 లక్షల లీటర్లు గాలిలో కలుస్తాయి. ఆ ఊరు రోజుకు తాగి, వాడుకునేది 2.75 లక్షల లీటర్లే. అంటే ఊరికన్నా ఎండే దాదాపు 12 రెట్లు ఎక్కువ వాడుకుంటుంది. లోతు తగ్గి, విస్తీర్ణం అలాగే ఉన్న చెరువులో ఈ నష్టం ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. పూడిక తీయాలనడానికి ఇదొక కారణం.

ఎకరా వరికి పంట కాలంలో సుమారు 48 లక్షల లీటర్లు కావాలి. అంతే నీరు ఆ ఊరికి 17 రోజులు సరిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో రెండో పంటకు తూము ఎత్తాలా, తాగునీటికి ఉంచాలా అన్న తగాదా ఊళ్లలో ఎందుకు వస్తుందో ఈ రెండు అంకెలు చూస్తే అర్థమవుతుంది. రాష్ట్ర జల విధానాల్లో, జాతీయ జల విధానంలో తాగునీటికే తొలి ప్రాధాన్యం. ఊళ్లో దాన్ని అమలు చేయాలంటే తూము అడుగు మట్టానికి పైన ఎంత నీరు మిగలాలో పంటకు ముందే తేల్చుకోవాలి.

చట్టం చిన్న చెరువును పట్టించుకుంటుందా?

డ్యాం భద్రతా చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీ చేయాలి. ప్రతి డ్యాంకు అత్యవసర ప్రణాళిక ఉండాలి. ఇప్పటికే కట్టిన వాటికి దీన్ని తయారు చేయడానికి ఐదేళ్ల గడువు ఇచ్చారు. నిర్లక్ష్యం చేసిన వారికి జైలుశిక్ష కూడా ఉంది.

ఈ చట్టం వర్తించేది 15 మీటర్ల కన్నా ఎత్తున్న డ్యాములకు. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవైతే కొన్ని షరతులున్నాయి. కట్ట పొడవు 500 మీటర్లయినా ఉండాలి, లేదా 10 లక్షల ఘనపు మీటర్ల నీరైనా పట్టాలి, లేదా భారీ వరదను పంపేలా కట్టినదైనా కావాలి, లేదా పునాది, డిజైను పరంగా ప్రత్యేకమైనదైనా కావాలి. 10 మీటర్ల లోపు కట్టలు ఈ చట్టం కిందికి రావు. పల్లె చెరువుల్లో ఎక్కువ భాగం అంతకన్నా తక్కువ ఎత్తువే. వెలుగోడు, గోరకల్లు వంటివి చట్టం కిందికి వస్తాయి. మీ ఊరి చెరువు బహుశా రాదు.

అలాగని దాన్ని ఎవరూ చూడనక్కర్లేదని కాదు. బాధ్యతలు ఇలా ఉన్నాయి:

జలవనరుల శాఖ చిన్నతరహా సాగునీటి విభాగం: కట్ట, తూము, అలుగు మరమ్మతులు. మీ మండలానికి ఏఈ, ఆ పైన డీఈ ఉంటారు.

సాగునీటి వినియోగదారుల సంఘం: 1997 నాటి రైతుల సాగునీటి యాజమాన్య చట్టం కింద ఆయకట్టు రైతులు ఎన్నుకునే సంఘం. రాష్ట్రంలో 2024 డిసెంబరులో వీటికి ఎన్నికలు జరిగాయి. నీటి పంపకం, కంప చెట్ల తొలగింపు, చిన్న మరమ్మతులు వీరి పని.

రెవెన్యూ శాఖ: చెరువు, వాగు పోరంబోకు భూమి. ఆక్రమణలపై ఫిర్యాదు తహసీల్దారుకు ఇవ్వాలి. 2002 నాటి వాల్టా చట్టం కూడా నీటి వనరుల రక్షణ కోసమే.

గ్రామీణ నీటి సరఫరా విభాగం, మున్సిపాలిటీ: ఎస్ఎస్ ట్యాంకులు, ఫిల్టర్లు, కుళాయిలు. పట్టణం లోపలి చెరువు, మురుగు కాలువ మున్సిపాలిటీవి.

పట్నంవాళ్లకు దీంతో పనేమిటి?

నంద్యాల చిన్న చెరువు చాలామందికి వినాయక నిమజ్జనంతో గుర్తు. చుట్టూ ఊరు పెరిగిన ఇలాంటి చెరువుకు కూడా నీరు వచ్చే దారి, పోయే దారి ఉంటాయి. 2019 సెప్టెంబరులో నల్లమల వైపు కురిసిన భారీ వర్షాలకు మహానంది ఆలయ ప్రాంగణంలోకి నీరు చేరింది, కుందూ, దాని వాగులు పొంగాయి. వాగు తన పాత దారినే వెతుక్కుంటుంది. ఆ దారిలో ఇప్పుడు కాలనీ ఉంటే నీరు ఇళ్లలోకే వస్తుంది.

అలుగు వాగును పూడ్చి వెంచర్ వేస్తే రెండు నష్టాలు. కింది ఇళ్లు మునుగుతాయి. నీరు వెనక్కి తన్ని చెరువు కట్ట మీదా ఒత్తిడి పెరుగుతుంది. ప్లాటు కొనేముందు ఇవి చూడండి:

మీభూమి పోర్టల్‌లో ఆ సర్వే నంబరు అడంగల్, గ్రామ పటం. పక్కన చెరువు, వాగు, కాలువ పోరంబోకు ఉందేమో గమనించండి.

రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 22ఏ నిషేధిత భూముల జాబితా.

గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు. వానాకాలం చిత్రాల్లో నీటి గీత ఎక్కడ ఉందో కనిపిస్తుంది.

చెరువు పాత రికార్డు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో 1880లలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం కింద అప్పటి ఇంజనీర్లు ఒక్కో చెరువుకు అలుగు పొడవు, మట్టం, తూముల వివరాలతో 'ట్యాంక్ మెమోయిర్' రాశారు. మీ చెరువు మెమోయిర్ కాపీ ఇవ్వాలని జలవనరుల శాఖను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో ఉన్న అలుగు పొడవు, ఇప్పుడు టేపుతో కొలిస్తే వచ్చే పొడవు ఒకటేనా అన్నది ఊరంతా వేయాల్సిన ప్రశ్న.

కట్ట మీద నడిచేటప్పుడు ఏం చూడాలి?

వానలకు ముందు మేలో ఒకసారి, చెరువు నిండాక ఒకసారి కట్ట మీద, ఆ తర్వాత బయటి వైపు పాదం వెంట నడవండి.

బయటి వైపు తడి: అడుగున కొద్దిగా తేమ, తేట నీరు కారితే గమనిస్తూ ఉండాలి. ధార పెరిగినా, నీరు బురద రంగులోకి మారినా వెంటనే చెప్పాలి. నీటి రంగును తేట సీసాలో పట్టి చూస్తే తెలుస్తుంది.

నేల ఉడుకుతున్నట్టు బుడగలు: పాదం దగ్గర ఇసుక పైకి ఉబికి వస్తుంటే కింద దారి పడిందని అర్థం.

పగుళ్లు: కట్ట పొడవునా వచ్చిన పగులు జారడానికి సూచన. అడ్డంగా వచ్చిన పగులులోంచి నీరు దూరుతుంది.

కట్ట పైన పల్లం: ఒకచోట కుంగి ఉంటే వరద ముందు అక్కడే దాటుతుంది.

కంప చెట్లు: సర్కారు తుమ్మ వేర్లు కట్టలోకి దిగుతాయి. చిన్నప్పుడే పీకాలి. పెద్ద చెట్టును నరికేసి మొద్దు వదిలితే వేరు కుళ్లి బొరియ మిగులుతుంది. ఇంజనీరుకు చెప్పి తీయించాలి.

అలుగు, అలుగు వాగు: బస్తాలు, చెత్త, గోడలు, గుర్రపుడెక్క ఉన్నాయా?

తూము తలుపు: దించితే దిగుతోందా, ఎత్తితే లేస్తోందా?

కనిపించినదాన్ని ఫోన్‌లో ఫొటో తీయండి. లొకేషన్, తేదీ పడేలా చూడండి. అదే చోట పదిహేను రోజులకు మళ్లీ తీస్తే మార్పు తెలుస్తుంది. సచివాలయంలో, ఏఈకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100.

కట్ట తెగుతుందని భయం ఉంటే?

112కు ఫోన్ చేయండి. విపత్తుల కంట్రోల్ రూం నంబర్లు రాష్ట్ర స్థాయిలో 1070, జిల్లా స్థాయిలో 1077. చెరువు పేరు, ఊరు, మండలం, కట్ట మీద ఎక్కడ, నీరు బురదగా ఉందా తేటగా ఉందా, కింద ఏయే ఊళ్లు ఉన్నాయో చెప్పండి.

కింది ఊరివాళ్లకు మైకులో చెప్పించండి. పశువుల కట్లు విప్పండి. వాగు వెంట కాకుండా మెట్టకు పక్కగా పొండి. పారుతున్న కాజ్‌వే మీద బండి దించవద్దు.

బుంగను కట్ట బయటి వైపు నుంచి మట్టి కుక్కి మూసే ప్రయత్నం చేయకండి. నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఊట చుట్టూ గుండ్రంగా ఇసుక బస్తాలు పేర్చి, నీటి మట్టం కొంచెం లేచేలా చేసి, మట్టి రాకుండా నీటిని మాత్రం పోనివ్వడం సరైన పద్ధతి. అది కూడా ఇంజనీరు సమక్షంలో జరగాలి. కట్ట మీద గుంపుగా నిలబడి వీడియోలు తీయడం ఎవరికీ మంచిది కాదు.

చెరువు నిండి, అలుగు పారుతున్నప్పుడు చూడటానికి తప్పకుండా వెళ్లండి. వెళ్లినప్పుడు అలుగు దూకిన నీరు ఎటు పోతోందో కూడా వంద అడుగులు నడిచి చూడండి. ఆ దారి తెరిచి ఉంటే చెరువుకూ, దాని కింద ఉన్నవాళ్లకూ ఆ ఏడాది సగం భయం తీరినట్టే.